రక్కసి చేతులు

పోయినేడు కోటప్పకొండ తిరునాళ్ళలో మల్లెలపాడు వాళ్ళకు జరిగిన అవమానం పగవాళ్ళకు కూడా వద్దు. నెలరోజులు వెదురుగడలు మోసి, అరచేతులు బొబ్బలెక్కేలా తాళ్ళు బిగించి, బొమ్మలూ దీపాలూ ఎక్కించి, గోపురంలా తొంభై అడుగుల ప్రభ కట్టారు. దాన్ని కొండ కింద నిలబెట్టి, తలెత్తి చూసుకుని మురిసేలోపే పక్కన ఎగువపాలెం వాళ్ళ ప్రభ వచ్చి ఆగింది. చూస్తే ఏముంది? వాళ్ళ ప్రభ మీద అమ్మవారి పాదం కింద ఉన్న రక్కసీ, వీళ్ళ ప్రభ మీది రక్కసీ ఒక తల్లి కడుపున పుట్టిన కవలల్లా ఉన్నారు. అవే కోరలు, అదే నాలుక, ఎడమ చెవికి అదే పోగు. రెండూళ్ళ వాళ్ళూ నెట్‌లో ఒకే బొమ్మ దించుకున్నారు మరి. ఎగువపాలెం కుర్రాళ్ళు ఊరుకుంటారా? "మా దాన్ని ఎప్పుడు లేపుకుపోయార్రా?" అని మైకులోనే అడిగారు. ఆ నవ్వు ఏడాదంతా మల్లెలపాడు వాళ్ళ వీపు మీద దద్దులా ఉండిపోయింది.

అందుకని ఈ ఏడు రక్కసిని చేత్తోనే గీయించాలని ప్రభ కమిటీ తీర్మానించింది. గీసే మనిషి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. నరసింహారావు కూతురు ఉజ్వల ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నరసరావుపేటలో షఫీక్ ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ డిజైన్లు చేస్తుంది కానీ, చేతికి బ్రష్షు దొరికితే అన్నం గుర్తుండదు.

కమిటీ పెద్ద ఆనంద్ బాబు ఆమెకు పెదనాన్న కొడుకు. మిరప కళ్ళం పక్కన తనకున్న పత్తి గోడౌను ఖాళీ చేయించి, పద్దెనిమిదడుగుల గుడ్డను వెదురు చట్రానికి బిగించి ఆమెకు అప్పగించాడు. అమ్మవారిని చెక్క మీద కోసి రంగులేసి వేరే పనివాళ్ళు పంపుతారు. ఆ పాదం కింద పడి ఉండే రక్కసి మాత్రం ఉజ్వలది.

"లోకంలో ఎవుడూ చూడని రక్కసి కావాలే ఉజ్జూ," అన్నాడు. "ఎవుడూ డౌన్‌లోడ్ చేసుకోలేనిది. చూసిన పిల్లలకి జొరం రావాల."

"పిల్లలకెందుకన్నా జొరం? ఎగువపాలెం వాళ్ళకొస్తే చాలదా?"

"అదీ మాట! బాగా కుదిరిందనుకో, కింద నీ పేరు రాయిస్తా. మన ప్రభ మీద ఆడపిల్ల పేరు ఎక్కడం ఇదే మొదలయిద్ది."

ఆ మాట ఉజ్వల చెవిలో తేనెచుక్కలా పడింది. పడదా మరి? ఇన్నేళ్ళుగా ఆమె చేసిన డిజైన్ల మీద ఊళ్ళో నాయకులందరి పేర్లూ ఉన్నాయి, ఆమె పేరు తప్ప.

శివరాత్రికి ఇంకా ఆరు రోజులుంది. ఉజ్వల దారానికి సుద్ద రాసి గుడ్డంతా గళ్ళు కొట్టుకుంది. షాపు ఓనరు షఫీక్ నేర్పిన విద్య అది. ఆయన ఫ్లెక్సీలు రాకముందు నిచ్చెనెక్కి గోడల మీద ఇరవై అడుగుల మొహాలు గీసిన మనిషి. "కళ్ళు రెండూ మూసుకుని గీస్తే గాల్లో బొమ్మ, రెండూ తెరిచి గీస్తే జిరాక్సు. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి గీయాలమ్మా," అనేవాడు. ఆ లెక్కనే ఉజ్వల తెరిచిన కంటితో చుట్టూ వెతికింది. కోరలకు చేల మీద పడే అడవిపంది ఫోటో దొరికింది. ఒంటి రంగుకు ఎండకు పగిలిన నాపరాయి. జుట్టుకు వేళ్ళతో సహా పీకి గట్టున తిరగేసిన పత్తికట్టె. మూసిన కంటితో వాటన్నిటినీ ఒక ఒంటికి అతికించుకుంది.

నోటికి మాత్రం ఎక్కడా సరైంది దొరకలేదు. నెట్‌లో రాక్షసుల నోళ్ళన్నీ అరిచే నోళ్ళే కానీ ఒక్కటీ నిజంగా అరుస్తున్నట్టు లేదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. పోగానే కమిటీ గ్రూపులో ఎవడో స్టిక్కరు పెట్టాడు. ఆ స్టిక్కరు మూడేళ్ళుగా అందరి ఫోన్లలో తిరుగుతున్నదే. ఎవరో ఆడమనిషి. కళ్ళు గట్టిగా మూసుకుని, కొండనాలుక కనిపించేంతగా నోరు తెరిచి ఉంటుంది. చెంపలకు అటూఇటూ రెండు మణికట్లు పైకి లేచి ఉంటాయి, చేతులు మాత్రం కత్తిరించిన చోట తెగిపోయాయి. కింద 'ఓర్నాయనో' అని పసుపు అక్షరాలు. కరెంటు పోతే ఆ స్టిక్కరు. మిర్చి ధర దిగితే ఆ స్టిక్కరు. పుట్టింటి నుంచి పెళ్ళాం దిగిందంటే ఆ స్టిక్కరు. ఉజ్వల తనే ఎన్నిసార్లు పంపిందో లెక్కలేదు.

ఆ పూట మాత్రం దాన్ని పెద్దది చేసి చూసింది. పై పెదవి పళ్ళ మీద నుంచి పూర్తిగా వెనక్కి పోయింది. మెడనరాలు కొబ్బరితాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. "ఇదీ నోరంటే," అనుకుంది. అనుకుని, పెన్సిలు తీసింది.

ఇక చేతులు. గోడౌను తలుపు తీస్తే ఎదురుగా కళ్ళం. ఎర్రటి కాయల రాశి చుట్టూ పట్టాల మీద ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. రంగు పోయి తెల్లబారిన కాయ ఒకటి వెళ్ళినా బస్తాకు మచ్చ. ముక్కుకు కొంగు కట్టుకుని, వంచిన తల ఎత్తకుండా చేస్తారు. ఆ వరసలో చివర జ్ఞానమ్మ. రెంటచింతల వైపు మనిషి. ఈ మధ్యనే తమ్ముడింటికి చేరి ఇక్కడ పనికొస్తోంది. ఎక్కువ మాట్లాడదు. ఆమె చేతులు మాత్రం చూసి తీరాల్సినవి. కణుపులు అల్లం కొమ్ముల్లా ఉంటాయి. ఎడమచెయ్యి చిటికెనవేలు ఎప్పుడో కొడవలికి తెగి కొక్కెంలా వంగి ఉండిపోయింది. ముడుచుకోదు, తిన్నగా రాదు.

"జ్ఞానమ్మా, ఒక్కసారి చేతులు పైకెత్తు. ఫోటో తీసుకుంటా," అంది ఉజ్వల.

"ఎందుకు పాపా?"

"బొమ్మకి."

"ఏం బొమ్మ?"

ఉజ్వల నాలుక మీదికి నిజం వచ్చి ఆగిపోయింది. మొహం మీద ఎట్లా చెబుతుంది? "అమ్మవారి బొమ్మకి," అనేసింది.

జ్ఞానమ్మ ముక్కు మీది కొంగు కిందికి లాగి నవ్వింది. పక్కనున్న వాళ్ళూ నవ్వారు. "నా చేతులు మీ అమ్మవారికా? అద్దంలో చూసుకుని ఉలిక్కిపడుద్ది తల్లి!" అంటూనే చేతులెత్తి చూపించింది. వేళ్ళు కొంచెం వంచమంటే వంచింది, తిప్పమంటే తిప్పింది. "చాలా? ఇంకా కావాలా?" అని కూడా అడిగింది. పని తెలిసిన మనిషి పనిని ఎప్పుడూ అరకొరగా చేయదు కదా.

రెండు రోజుల్లో రక్కసి గుడ్డ మీదికి దిగింది. ఉజ్వల నిచ్చెనెక్కి నిలబడి ఒక్కో వేలూ ఎవరినో పట్టుకుని మింగబోతున్నట్టు వంచి గీసింది. చివర్లకు ఇనప గోళ్ళు, నెత్తిన కొమ్ములు పెట్టింది. కొక్కెం వేలు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచింది. అంతకన్నా భయంకరంగా తను ఊహించలేకపోయింది. మూడో రోజు ఫోటో తీసి గ్రూపులో పెడితే చప్పట్లే చప్పట్లు. ఆనంద్ బాబు పరుగున వచ్చి, గుమ్మంలోనే ఆగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

"ఓసి నీ దుంపతెగ! దీన్ని ఏ ఊళ్ళో చూశావే?"

అందరికీ నచ్చింది. ఉజ్వలకే ఏదో తేడాగా ఉంది. మధ్యాహ్నం కళ్ళంలో వాళ్ళు అన్నాలకు పోయాక గోడౌనులో చీమ చిటుక్కుమనదు. రేకుల చిల్లుల్లోంచి ఎండ కాసులు కాసులుగా నేల మీద పడుతుంది. ఆ నిశ్శబ్దంలో అంత నోరు తెరుచుకుని ఉంటే, ఏదో వినపడాల్సింది వినపడటం లేదనిపించేది. వీపు తిప్పి రంగు కలుపుతుంటే ఇంకా ఘోరం. వెనక ఎవరో ఊపిరి పీల్చి, వదలకుండా పట్టుకుని ఉన్నట్టుండేది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇంటికెళ్ళి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే తన నోరు తెరుచుకోగానే ఆ నోరే గుర్తొచ్చింది.

"ఏందే, కంచంలో చెయ్యి పెట్టి అట్టా కూర్చున్నావు? దిష్టి తగిలిందా?" అని తల్లి సుబ్బలక్ష్మి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. దిష్టి అయితే పోయేదే.

నాలుగో రోజు పొద్దున షాపుకెళ్ళి షఫీక్‌కు ఫోటో చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, ఫోన్ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. పాత పెయింటర్లు అట్లాగే చూస్తారు.

"నోరు భేషుగ్గా ఉంది. చేతులూ బాగున్నాయి. రెండూ ఒకరివి కావు."

"రక్కసి కదా భాయ్, నాలుగు చోట్ల నుంచి తెచ్చి కలిపా."

"కలపడం తప్పు కాదమ్మా. నేను ఎవరి మీసాలో తెచ్చి ఎవరికి పెట్టానో ఆ దేవుడికి తెలుసు. కానీ చూడు, ఈ చేతులు తినబోతున్నాయి. ఈ నోరు తినే నోరు కాదు. ఈ నోటి తాలూకు చేతులు అసలు బొమ్మలో ఏం చేస్తున్నాయో చూశావా?"

"అది స్టిక్కరు భాయ్. చేతులు లేవు."

"స్టిక్కరుకి అమ్మా నాన్నా ఉండరా? ఉండు." షఫీక్ ఆ ప్రాంతం వార్తల గ్రూపులన్నిట్లోనూ ఉన్నాడు. ఫ్లెక్సీ షాపుకు చావులే ముందు తెలియాలి మరి. వెనక్కీ వెనక్కీ జరుపుతూ పావుగంట వెతికాడు. మూడేళ్ళ కిందటి ఫిబ్రవరి. మిరపకోతకు కూలీలను తీసుకెళ్ళిన ఆటో తిరిగొచ్చేటప్పుడు రెంటచింతల దారిలో బోల్తా పడిన వీడియో.

ముప్పై సెకన్లు ఉంది, 'కూతుర్ని పోగొట్టుకున్న కూలీ తల్లి' అని పైన రాసి ఉంది. పక్కకు ఒరిగిన ఆటో, చెల్లాచెదురైన అన్నం డబ్బాలు. రోడ్డు వారన పట్టా మీద పడుకోబెట్టిన ఒక ఆడపిల్ల. వెనక ఆటోలోంచి దిగి పరిగెత్తుకొచ్చిన ఒక మనిషి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద పడింది. అప్పుడు ఆ నోరు తెరుచుకుంది. షఫీక్ సౌండు తగ్గించబోయి, తగ్గించలేకపోయాడు. మూడేళ్ళుగా చప్పుడు లేకుండా అందరి ఫోన్లలో తెరుచుకుని ఉన్న నోటిలోంచి చప్పుడు వచ్చింది. షాపులో ప్రింటరు ఆగిపోయిందేమోననిపించింది.

ఆ మనిషి చేతులు రెండూ చెంపలకు అటూఇటూ గాల్లో లేచి ఉన్నాయి. వేళ్ళు విడివిడిగా, బిగుసుకుని ఉన్నాయి. ఎడమచేతి చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

ఆ వేలు ఉజ్వలకు తెలుసు. రెండు రోజులు దాన్ని గీసింది. మొహాన్ని గుర్తుపట్టలేకపోయింది కానీ, వేలును గుర్తుపట్టింది. నాలుగు చోట్ల నుంచి తెచ్చాననుకుంది. అందులో రెండు ఒక్క మనిషి దగ్గరివే.

"ఏమ్మా, తెలిసిన మనిషా?" అని షఫీక్ అడిగాడు.

"మా కళ్ళంలో తాలు ఏరుద్ది భాయ్," అని, బ్యాగు తీసుకుని బస్సెక్కింది.

గోడౌనుకు వచ్చీ రాగానే సుద్దా బంకా కలిపి నోటి మీద తెల్లపూత పట్టించింది. మొహం మధ్యలో కట్టు కట్టినట్టయింది. హమ్మయ్య అనుకుంది. తెల్లారి వచ్చి తలుపు తీస్తే తెల్లపూతలోంచి ఎరుపు పైకి ఊరి, ఆ నోరు మళ్ళీ అక్కడే ఉంది. అంచులు కరిగి ముందుకన్నా పెద్దదయింది. ఎర్రరంగు మొండిది, పూత ఆరేలోగా పైకి తేలుతుందని షఫీక్ చెప్పనే చెప్పాడు. ఆ సంగతి తెలిసి కూడా ఉజ్వల మళ్ళీ సుద్ద కలిపింది. రెండో పూత వేయబోతుంటే ఆనంద్ బాబు వచ్చాడు.

"ఏందే ఆ పని? బంగారం లాంటి బొమ్మని చెడగొడతన్నావు?"

"అన్నా, ఆ నోరు మన జ్ఞానమ్మది."

"ఏ జ్ఞానమ్మ?"

"కళ్ళంలో చేస్తందే. ఆ స్టిక్కరు ఆమేనంట. కూతురు చచ్చిపోయినప్పుడు ఏడ్చిన ఏడుపంట అది. మనమంతా..."

ఆనంద్ బాబు మొహం ఒక్క క్షణం పక్కకు తిరిగింది. చెయ్యి జేబులో ఫోను మీదికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. పాపం, చెడ్డవాడేం కాదు. కానీ ఎల్లుండి శివరాత్రి. మైకులో నవ్వు చెవిలో ఉంది.

"ఎవరికి తెలుసుద్దే? కోరలు పెట్టాంగా, కొమ్ములు పెట్టాంగా. ఆమెకే తెలీదు. ఇప్పుడు మార్చావంటే మళ్ళీ నెట్‌లో బొమ్మే దిక్కు. నీ పేరూ ఉండదు. బాగా ఆలోచించుకో," అని వెళ్ళిపోయాడు.

ఉజ్వల ఆలోచించుకోలేకపోయింది. నోరు మారిస్తే బొమ్మ చచ్చిపోతుంది. మార్చకపోతే, కూతుర్ని పోగొట్టుకున్న తల్లి లక్షలాది జనం ముందు అమ్మవారి కాలి కింద పడి ఉంటుంది. పైగా తన చేతులు అమ్మవారికి పెడుతున్నారని నమ్మి, అడిగినన్ని సార్లు ఎత్తి చూపించింది ఆ పిచ్చితల్లి. బ్రష్షు పట్టుకుని, వెయ్యకుండా, మధ్యాహ్నం దాకా స్టూలు మీదే కూర్చుంది.

అన్నాల వేళ గుమ్మంలో నీడ పడింది. చూస్తే జ్ఞానమ్మ. చేతిలో ఖాళీ సీసా.

"పాపా, బయట టాంకీ నీళ్ళు మసిలిపోతన్నయ్. లోపల కుండ ఉందా?"

ఉజ్వల లేచి బొమ్మకు అడ్డంగా నిలబడింది. పద్దెనిమిదడుగుల బొమ్మకు అయిదడుగుల పిల్ల అడ్డమా! జ్ఞానమ్మ తల పైకెత్తింది. ఎత్తిన తల చాలాసేపు దించలేదు. ముందు జుట్టు చూసింది, కోరలు చూసింది. తర్వాత నోటి దగ్గర ఆగింది. బయట పంపు దగ్గర ఆడవాళ్ళు ఏదో హాస్యమాడి నవ్వుతున్నారు.

"నోరు నాదే," అంది.

ఉజ్వల చేతిలోని బ్రష్షు వెనక్కి దాచుకుంది.

"అమ్మవారికన్నావుగా పాపా."

"అబద్ధం చెప్పా జ్ఞానమ్మా. నోరు నీదని మాత్రం తెలియలా. నిన్నే తెలిసింది. చెరిపేస్తన్నా, ఇదుగో, సుద్ద కూడా కలిపా..."

"నాకూ వచ్చిందిలే, ఫోన్లో," అంది జ్ఞానమ్మ. బొమ్మ మీద నుంచి చూపు తిప్పలేదు. "మా అన్న కొడుకు పంపాడు. టమాటాలు కిలో వంద అయినయ్యని పంపాడు. నేనని వాడికీ తెలీదు. సొంత మేనత్త. ఏమంటా? ఊరుకున్నా."

సీసా కింద పెట్టి, నాలుగడుగులు ముందుకు వచ్చింది. తాలు ఏరేటప్పుడు కాయను ఎట్లా చూస్తుందో అట్లా, కళ్ళు చికిలించి, గుడ్డ మీద చేతుల్ని చూసింది.

"చేతులు తప్పు."

"ఏంది?"

"వేళ్ళట్టా వంచితే ఎవరినో పట్టుకుని తినేట్టుంది. నేను పట్టుకోలా పాపా. పట్టుకోలేకపోయా." తన అరచేతులు తిప్పి చూసుకుంది. "పొద్దున్నించీ కాయలు కోశానా, చేతులనిండా కారం. మా పిల్ల దీపిక కళ్ళు అరమోడ్పుగా ఉన్నయ్. ఎక్కడా దెబ్బ కనపడలా. ఊపిరుందనుకున్నా. మొహం పట్టుకుందామని వంగా. వంగితే, దాని కళ్ళు మండుతయ్యే అని చేతులు ఆగిపోయినయ్. ఆగినయ్యి ఆగినట్టే ఉండిపోయినయ్. నీళ్ళు తెండ్రా, చేతులు కడుక్కుంటా అని అరిచా. ఆ అరుపే అది."

ఉజ్వల స్టూలు అంచు పట్టుకుంది.

"ఎవుడూ నీళ్ళు తేలా. ఫోన్లు పట్టుకున్నారు. ఈలోగా అంబులెన్స్ వాళ్ళొచ్చి ఎత్తుకుపోయినారు. ముట్టుకోలా నేను." కొంగుతో కాదు, చేత్తో కాదు, మోచేతి మడతతో కళ్ళు ఒత్తుకుంది. మిరపకాయల రోజుల్లో ఆ వైపు ఆడవాళ్ళందరూ కళ్ళు అట్లాగే తుడుచుకుంటారు. "మా గుళ్ళో పటంలో మేరీతల్లి కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుని తల నిమురుతా ఉంటది. ఆమె చేతులకు కారం లేదు."

"చెరిపేస్తా పెద్దమ్మా. ఎవరేమన్నా సరే."

"చెరిపితే ఏమయిద్ది? అందరి ఫోన్లలో ఉంది. ఊరూరా చెరుపుతావా?" జ్ఞానమ్మ గొంతులో మొదటిసారి వేడి కనిపించింది. "ఒక్కచోటన్నా సరిగ్గా ఉండనియ్యి. చేతులతో సహా ఉండనియ్యి. గీస్తావా?"

"ఆ కోరలూ కొమ్ములూ తీసేస్తా."

"కొమ్ములు తీసెయ్. కోరలుండనియ్. నిజంగానే ఉన్నట్టయితే ఆ రోజు ఫోను పట్టుకున్నోడి పీక కొరికేదాన్ని."

అని, పట్టా ముక్క లాక్కుని బొమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు రెండూ చెంపల ఎత్తుకు లేపి, వేళ్ళు విడదీసి, ఎదుట కూతురి మొహం ఉన్నట్టు, దానికి తగలకుండా నాలుగంగుళాల దూరంలో ఆపింది. నోరు తెరవలేదు. పెదాలు బిగబట్టే ఉంచింది. అయినా ఆ చేతులను చూస్తుంటే ఉజ్వలకు నిన్నటి శబ్దం మొత్తం వినపడింది. అన్నాల గంట అయిపోయి, "ఏమే జ్ఞానమ్మా, ఏరతావా, పడుకున్నావా?" అని బయట నుంచి కేకేసేదాకా ఆ చేతులు దించలేదు. చేతులు వణికాయి కానీ దించలేదు.

ఆ సాయంత్రానికి ఉజ్వల నోటి మీది సుద్ద తుడిచి, కొమ్ములూ ఇనప గోళ్ళూ తీసేసింది. వేళ్ళు తిన్నగా చేసి, కొనలకు మాత్రం ఎరుపు అద్దింది. రక్తం ఎరుపు కాదు, కొద్దిగా నారింజ కలిసిన మిరప ఎరుపు. దాని కోసం నాలుగుసార్లు రంగు కలిపింది. మొహం ముందు రెండు చేతుల మధ్య ఖాళీని ఖాళీగానే వదిలేసింది. ఏం గీయాలో తెలియక కాదు. దీపిక మొహం వీడియోలో సరిగ్గా కనపడలేదు, ఊహించే హక్కు తనకు లేదనిపించింది.

తెల్లారి ఆనంద్ బాబు వచ్చి చూసి గడ్డం గోక్కున్నాడు.

"కొమ్ములూ గోళ్ళూ తీసేశావే? ఆ... పోనీలే. అమ్మవారిని చూసి జడుసుకుని చేతులెత్తేసినట్టుంది. భలే భయపడతంది. ఈ మాత్రం ఎగువపాలెం వాళ్ళ తాతలు కూడా గీయించలేరు," అన్నాడు.

ఉజ్వలకు ఆ మాట కన్నా తిట్టినా బాగుండేది. ఎంత నిజం గీస్తే ఆ నిజం పాదం కింద అంత చక్కగా ఇమిడిపోతోంది! మధ్యాహ్నం అమ్మవారి చెక్కబొమ్మ వచ్చింది. కుడిపాదం సరిగ్గా రక్కసి రొమ్ము మీదికి వచ్చేలా బోల్టులకు బెజ్జాలు వేసి ఉన్నాయి. పనివాళ్ళు నిచ్చెనలు వేసుకుంటున్నారు.

"అన్నా, పాదం రొమ్ము మీదికొస్తే మధ్యలో బల్బుల తోరణం ఎక్కడ పోద్ది?" అంది ఉజ్వల. అప్పటికప్పుడు నోటికి వచ్చిన మాట అది. "అమ్మవారిని రెండడుగులు పైకి లేపితే తోరణం మధ్యలో వెలుగుద్ది. దూరానికి కనపడేది అదే. పోయినేడు ఎగువపాలెం వాళ్ళకి అట్టాంటి తోరణం లేదు."

ఎగువపాలెం మాట వచ్చిందంటే ఆనంద్ బాబుకు ఇంకేం వినపడదు. "రెండు కాదు, మూడడుగులు లేపండ్రా," అన్నాడు.

శివరాత్రి నాడు కొండ కింద ఇసుక వేస్తే రాలని జనం. "చేదుకో కోటయ్యా, చేదుకో" అని గుంపులు గుంపులుగా అరుపులు. ప్రభలన్నీ వరసగా నిలబడి పొద్దుగూకకుండానే దీపాలు వెలిగించుకున్నాయి. మల్లెలపాడు ప్రభ ముందు కుర్రాళ్ళు డప్పులు కొడుతున్నారు. ఎగువపాలెం వాళ్ళు వచ్చి చూసి, మాట్లాడకుండా పోయారు. ఆనంద్ బాబుకు అంతకన్నా ఏం కావాలి? కండువా తిప్పుతూ ఎగిరాడు. రక్కసి కాళ్ళ దగ్గర, మూలన, తెల్లరంగుతో 'ఉజ్వల' అని ఉంది. ఆ పిల్ల దాని వంక చూడటం లేదు. జనం మొహాలు చూస్తోంది.

మగవాళ్ళు చూసి, నోరు చూసి, "అబ్బో" అని నవ్వుకుంటూ పోతున్నారు. ఒకడైతే, "ఒరేయ్, ఇది మన స్టిక్కరు కదరా?" అని ఫోను కూడా తీశాడు. వాడి వెనకే ఇద్దరు బిడ్డల తల్లి, ఎండకు మాడిన మనిషి, ఆగి తలెత్తింది. నోటి వంక చూడలేదు. చేతుల వంక చూసింది.

"అయ్యో, కారం చేతులు," అంది పక్కావిడతో.

"అవునే. మొహం ముట్టుకోలేకపోతంది."

"ఎవురికేమయ్యిందో, పాపం తల్లి."

ఇంకొకావిడ ఆగింది. మరొకామె. కాయకోతలు ముగించుకుని, కళ్ళాల్లోంచి స్నానం చేసి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు. ఎన్నిసార్లు తోమినా వేళ్ళ మంట పోని వాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఫోను తీసినవాడి భుజం మీద అతని తల్లే కాబోలు, ఒక్కటి చరిచింది. "నవ్వుతావేందిరా? ఆ చేతులు చూడు. నీకు పసితనంలో జొరమొచ్చి ఒళ్ళు కాలినప్పుడు నేనట్టాగే నిలబడ్డా, ముట్టుకోలేక."

వాడు ఫోను దించాడు. దించి, మళ్ళీ చూశాడు. బల్బుల తోరణం పైన అమ్మవారు ఒక కాలు కిందికి చాపి ఉంది. కింద చేతులెత్తిన మనిషి ఉంది. మధ్యన మూడడుగుల వెలుతురు. కింద నుంచి చూస్తే తొక్కుతున్నట్టు లేదు. పిలిస్తే గబగబా మెట్లు దిగి వస్తున్నట్టుంది. ఒక ముసలమ్మ అమ్మవారికి దండం పెట్టి, కొంచెం తల వంచి, రెండో దండం రక్కసికి పెట్టింది.

జాగారం మర్నాడు కళ్ళంలో పని ఆగలేదు. జ్ఞానమ్మ కొండకు రాలేదు. రాశి తరగలేదని ఏరుతూనే ఉంది. ఉజ్వల ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చి ఆ పట్టా అంచున చతికిలబడింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూసిందంతా చెప్పింది. ఎవరు ఏమన్నదీ, ముసలమ్మ రెండో దండం పెట్టిందీ పూసగుచ్చినట్టు చెప్పింది. జ్ఞానమ్మ చేతులు కాయల మీద ఆడుతూనే ఉన్నాయి. ఎర్రది అటు, తాలు ఇటు.

"నాకెందుకే దండాలు," అంది చివరికి. "చేతుల మధ్యన మా పిల్లని పెట్టావా?"

"లేదు పెద్దమ్మా. ఖాళీగా వదిలేశా."

"మరి ఎవరి కోసం ఏడుస్తుందనుకున్నారు?"

ఉజ్వల ఆ రాత్రి చూసిన మొహాలన్నీ గుర్తు తెచ్చుకుంది. అందరూ ముందు చేతులు చూశారు. తర్వాత ఆ ఖాళీ చూశారు. చూసి, కాసేపు ఆ ఖాళీలోకే చూస్తూ ఉండిపోయారు.

"ఎవరి పిల్లల్ని వాళ్ళు అనుకున్నారు."

జ్ఞానమ్మ చెయ్యి ఒక కాయ మీద ఆగింది. సగం ఎరుపు, సగం తెలుపు. అటు వేయాలా, ఇటు వేయాలా అన్నట్టు తిప్పి తిప్పి చూసింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి, నీడలో ఆ పిల్లకు చోటిచ్చింది.